చూద్దాంలే అచ్చాయమ్మా

మంగళవారం పదకొండు గంటలవేళ ప్రసన్నకుమారి తన బలాలు వెతుక్కుంటోంది.

కిందటి వారం రాజమండ్రిలో హెడ్మాస్టర్లకి మూడు రోజుల ట్రైనింగు పెట్టారు. ఏసీ హాలు, మెడలో కార్డులు, మధ్యాహ్నం భోజనంలో రెండు రకాల స్వీట్లు. వచ్చేటప్పుడు ఒక ఫారం చేతిలో పెట్టి పంపారు. ‘పాఠశాల నాయకురాలిగా నా మూడు బలాలు, నా నాయకత్వ తత్వం’ అని పైన అచ్చువేసి ఉంది. శనివారం సాయంత్రం ఐదు లోపల నింపి అప్‌లోడ్ చేసెయ్యాలి. ఇరవై రెండేళ్ళుగా పిల్లల చేత వ్యాసాలు రాయిస్తున్న మనిషికి ఇదొక లెక్కా అనుకుంటారు ఎవరైనా. తనని తాను పొగుడుకోవడం ప్రసన్నకుమారికి చిన్నప్పటినుంచీ చేతకాదు. పైగా ఆమెకివి శ్రమదినాలు. ఈస్టరుకి ముందు నలభై రోజులూ పొద్దుగూకేదాకా మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టదు. ఖాళీ కడుపుతో సొంత గొప్పలు రాసుకోవడం మరీ ఎబ్బెట్టుగా ఉంది.

చివరికి మొదటి గీత మీద ‘నిజాయితీ’ అని రాసింది. అది చూసుకుని కాస్త సిగ్గుపడింది కూడా.

“మేడంగారండీ, ఒకసారి ఇలా చూడండి.”

గుమ్మంలో అచ్చాయమ్మ నిలబడి ఉంది. మొగలిలంక బడిలో తొమ్మిదేళ్ళుగా మధ్యాహ్న భోజనం వండేది ఆవిడే. చంకలో రిజిస్టరు, రెండు చేతుల్లో నీళ్ళ బేసిను. బేసిన్లో గుడ్లు. కొన్ని అడుగున పడుకుని ఉన్నాయి. కొన్ని మొన మీద నిటారుగా నిలబడి, నీళ్ళు కదిలినప్పుడల్లా ఊగుతున్నాయి.

“పూర్తిగా తేలినవి పదిహేడండి. అవి అవతల పారేశాను. ఈ నిలబడ్డవి ముప్పై దాకా ఉన్నాయి. వీటిని ఏం చెయ్యమంటారు?”

“తాజాగా వచ్చినవేగా?”

“వచ్చింది నిన్ననేనండి. కానీ పది రోజులకో రంగు ముద్ర వేస్తారు కదండి, ఇప్పుడు ఆకుపచ్చది రావాలి, చూడండి, వీటికి నీలం ముద్ర. పోయిన లోడులో మిగిలినవి కలిపేసినట్టున్నారు.” అచ్చాయమ్మ బేసిను నడుముకి ఆనించుకుని, ఒక గుడ్డు తీసి చెవి దగ్గర పెట్టుకుని ఆడించింది. “చెడిపోయాయనీ చెప్పలేను, బాగున్నాయనీ చెప్పలేను. నన్నడిగితే ఈ పూటకి గుడ్డు మానేసి, పప్పు కాస్త చిక్కగా పెట్టేద్దామండి.”

ప్రసన్నకుమారి ఫోను వైపు చూసింది. పొద్దున తొమ్మిదిన్నరకే తొంభై రెండు మంది హాజరని యాప్‌లో ఎక్కించేసింది. తొంభై రెండు మందికీ తొంభై రెండు గుడ్లు కనపడాలి, కంచాలతో సహా ఫోటో వెళ్ళాలి. పోయిన నెల ఆరు గుడ్లు తక్కువ చూపించినందుకు సంజాయిషీ అడిగారు. దానికి జవాబు రాయడానికే రెండు రోజులు పట్టింది.

“మానేస్తే ఎలాగ? తేలినవి పారేశావు కదా, చాలు. నిలబడ్డవి వండెయ్.”

అచ్చాయమ్మ చేతిలోని గుడ్డు మళ్ళీ నీళ్ళలో పెట్టింది. “ఆయ్, అలాగేనండి,” అంది. తరువాత బేసిను కింద పెట్టి, తడిచెయ్యి చీరకి తుడుచుకుని, చంకలోని రిజిస్టరు తీసి బల్లమీద పెట్టింది. అది రుచి రిజిస్టరు. పిల్లలకి పెట్టడానికి అరగంట ముందు హెడ్మాస్టరు తిని చూసి, ఎలా ఉందో రాసి సంతకం చెయ్యాలి. ప్రసన్నకుమారి ఉపవాసాలు మొదలైన రోజున ఉపాయం చెప్పింది అచ్చాయమ్మే. ఇద్దరిదీ ఒకే లూథరన్ చర్చి. “దేవుడి కోసం చేసే ఉపవాసం, ముద్ద కూర కోసం పాడు చేసుకుంటారా ఏంటండి? నేను రుచి చూస్తాను, మీరు సంతకం పెట్టెయ్యండి.” మూడు వారాలుగా అలాగే జరుగుతోంది. కూర ఇంకా పొయ్యెక్కకుండానే ప్రసన్నకుమారి ‘బాగుంది’ అని రాసి సంతకం పెట్టింది. పెట్టి, మళ్ళీ తన బలాల్లో పడిపోయింది.

రెండుంబావుకి ఆరో తరగతిలో రూబీ అనే పిల్ల లెక్కల నోటుబుక్కు మీదే వాంతి చేసుకుంది. అది కడిగేలోపు ఇంకో ఇద్దరు. మూడయ్యేసరికి పదకొండు మంది. రెండు ఆటోల్లో ఎక్కించి ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళారు. ప్రసన్నకుమారి రూబీని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. దారి పొడుగునా దాళ్వా వరిచేలు పచ్చగా పొట్టమీద ఉన్నాయి గానీ ఆమెకేమీ కనపడలేదు. ఆ పిల్ల నుదురు చల్లబడుతున్న కొద్దీ కొంగుతో తుడుస్తూనే ఉంది. డాక్టరు అందర్నీ చూసి, ప్రాణభయం ఏమీ లేదన్నాడు. రూబీకి మాత్రం ఒక సెలైను ఎక్కించి, ఆరింటికి అందరితోపాటు ఇంటికి పంపేశాడు.

అప్పటికి చంద్రరావుగారు ఆసుపత్రి వరండాలో కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. ఆయన మనవరాలు పెనుగొండలో కాన్వెంటులో చదువుతున్నా, ఊరి బడి మంచిచెడ్డలన్నీ ఆయనవే. బడికి గేటు చేయించి ఇచ్చిన దాత, అంతకుమించి కిందటి ఎన్నికల్లో గెలిచినవాళ్ళ తరఫు పెద్దమనిషి.

“కంగారు పడకండి మేడంగారూ, మేం ఉన్నాం కదా,” అన్నారు. ఆ మాటకి ప్రసన్నకుమారికి కంగారు మొదలైంది.

*

బుధవారం పొద్దున బడి తెరవకముందే గుడ్ల కాంట్రాక్టరు ఆటో వచ్చేసింది. పాత ట్రేలన్నీ ఎక్కించుకుని, ఆకుపచ్చ ముద్రలున్న కొత్త గుడ్లు దించాడు డ్రైవరు. “పైనుంచి ఫోనొచ్చిందండి, మార్చెయ్యమన్నారు,” అని కాగితం ముందు పెట్టాడు. ఎప్పుడూ పెట్టే సంతకమే కదా అని ప్రసన్నకుమారి పెట్టేసింది. ఆటో కాలవగట్టు దాటాక గానీ తట్టలేదు, నీలం ముద్ర గుడ్డు ఒక్కటి కూడా బడిలో మిగల్లేదని.

పదింటికి ఎం.ఈ.ఓ. ఉదయభాస్కర్ గారు ఫోను చేశారు. మంచి మనిషి. పిల్లల సంగతి అడిగి, ఆమె ఆరోగ్యం అడిగి, ఆ తరువాతే అసలు సంగతికొచ్చారు.

“శనివారం నేను వస్తానండి. తల్లిదండ్రుల కమిటీ పెట్టించి రిపోర్టు పంపించెయ్యాలి. కారణం ఏమని రాద్దాం?”

“గుడ్లు పాతవండి. వేరే ముద్రవి కలిపేశారు.”

“ఉన్నాయా అవి?”

“లేవండి. పొద్దున మార్చేశారు.”

అవతల పెద్ద నిట్టూర్పు వినబడింది. “అయినా గుడ్ల మీద రాస్తే అది జిల్లా దాటిపోద్దండి. మీరూ నేనూ పట్టుకోలేం. మన చేతిలో ఉన్నది మనం చూసుకుందాం. మీ రుచి రిజిస్టరు సక్రమంగానే ఉంది కదా?”

“ఉందండి,” అంది ప్రసన్నకుమారి.

ఆ ఒక్క మాటతో తలుపులన్నీ మూసుకుపోయాయి. రుచి చూసినప్పుడు కూర బాగుంది. మరి పిల్లలకెందుకు పడలేదు? రుచి చూశాకే వంటావిడ ఏదో చేసింది. మూత పెట్టలేదో, చేతులు కడుక్కోలేదో. ఎలా తిప్పినా చివరికి వేలు అచ్చాయమ్మనే చూపిస్తుంది.

మధ్యాహ్నం చంద్రరావుగారు రానే వచ్చారు. ఆఫీసు గదిలో కూర్చుని, ఫ్యాను తనవైపు తిప్పుకుని, మెత్తగా చెప్పారు. “అచ్చాయమ్మ పాపం పెద్దదైపోయిందండి, చూపు ఆనట్టేదు. నిర్లక్ష్యం అని ఒక్క ముక్క రాయండి, ఎవరికీ ఇబ్బంది ఉండదు. మన గణేష్‌బాబు పెళ్ళాం పావని ఉంది, చెయ్యి శుభ్రమైన మనిషి. ఎన్నికలైన దగ్గర్నుంచీ ఈ పని కోసం నా ప్రాణం తీస్తోంది.” ఆయన మాటల్లో దాపరికం లేదు. పాపం అనేటప్పుడు నిజంగానే జాలిపడ్డారు కూడా.

కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. ప్రసన్నకుమారి ఔననలేదు, కాదనలేదు. టీ తెప్పించింది. తను తాగదు గనుక ఆయనకే రెండు కప్పులూ పోసింది.

*

గురువారం పావుతక్కువ పదకొండుకి ఆమె వంటషెడ్డులోకి వెళ్ళింది. మూడు వారాలుగా ఆ గడప తొక్కలేదు. ఉపవాసంలో పోపు వాసన తట్టుకోవడం కష్టమని అటు పోవడమే మానేసింది.

అచ్చాయమ్మ పప్పు ఎనుపుతోంది. అరవై ఏళ్ళకి దగ్గరపడ్డ మనిషి, ఆ పెద్ద డేగిసా ముందు ముక్కాలి పీట మీద కూర్చుని, రెండు కాళ్ళతో డేగిసాని ఒడిసి పట్టుకుని, పప్పుగుత్తి రెండు చేతులతో తిప్పుతోంది. గుత్తి తిరిగినప్పుడల్లా భుజం ఎముక రవికెలోంచి లేచి పడుతోంది. పక్కన గోడకి పిల్లల కంచాలు బోర్లించి ఉన్నాయి, ఒక్కదానికీ చిన్న మరక లేదు. ఉల్లిపాయలు ఒక పళ్ళెంలో, పచ్చిమిర్చి ఒక పళ్ళెంలో, రెంటిమీదా తడిగుడ్డలు. చూపు ఆనని మనిషి పెట్టుకున్న వరస కాదది.

“పిల్లలు బాగున్నారాండి?” గుత్తి ఆపకుండానే అడిగింది.

“అందరూ వచ్చారు, రూబీ తప్ప. రేపు వస్తుందట.”

“నేను పొద్దున్నే వాళ్ళింటికెళ్ళి చూసొచ్చానండి. వాళ్ళమ్మ నన్ను లోపలికి రమ్మనలేదు.” గుత్తి రెండు చుట్లు తిరిగింది. “తల్లి కదండి. నేనయినా అంతే.”

ప్రసన్నకుమారి ఉల్లిపాయల పళ్ళెం వైపు వంగింది. తడిగుడ్డ కొద్దిగా జారితే సరిచేసింది.

అచ్చాయమ్మ గుత్తి డేగిసా అంచుకి ఆనించి, తలెత్తి చూసింది. “శనివారం పెద్దసారొస్తారంట కదండి. నన్ను నిలబెట్టి అడుగుతారు. ఏం చెప్పమంటారండి?”

అడిగిన తీరులో నిష్ఠూరం లేదు. పప్పులో ఉప్పు ఎంత వెయ్యమంటారని అడిగినట్టే అడిగింది. జరిగింది జరిగినట్టు చెప్పు, నేనూ అదే చెప్తాను. ఆరు ముక్కలు. అవి ప్రసన్నకుమారి గొంతు దాకా వచ్చాయి. వచ్చి, సంజాయిషీ కాగితాలు గుర్తొచ్చి, పదకొండు మంది తల్లుల మొహాలు గుర్తొచ్చి, ‘దగ్గరుండి పిల్లలకి చెడ్డ గుడ్లు పెట్టించిన హెడ్మిస్ట్రెస్’ అని ఫోన్లలో తిరిగే వార్త కళ్ళముందు కనపడి, అక్కడే ఆగిపోయాయి.

“చూద్దాంలే అచ్చాయమ్మా,” అంది.

“ఆయ్, అలాగేనండి,” అంది అచ్చాయమ్మ. మళ్ళీ గుత్తి అందుకుంది.

*

శుక్రవారం అంతా ప్రసన్నకుమారి మనసు మనసులో లేదు. బెల్లు కొట్టాల్సిన వేళకి కొట్టించలేదు, ఏడో తరగతికి ఆరో తరగతి పాఠం మొదలుపెట్టింది. తోటి టీచరు శ్రీదుర్గ చూసి చూసి, ఆఖరి పీరియడులో గదిలోకొచ్చి తలుపు దగ్గరగా వేసింది. ప్రసన్నకుమారి జరిగిందంతా చెప్పేసింది, బేసినుతో మొదలుపెట్టి సంతకం దాకా.

శ్రీదుర్గ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చుండిపోయింది. “ఇప్పుడు మీరు నిజం చెప్పినా ఎవరు వింటారండి? మీదీ ఆవిడదీ ఒకే చర్చి. సొంత మనిషిని కాపాడుకుంటున్నారంటారు.”

“అనుకోనీ.”

“అనుకుని ఊరుకోరండి. ఆవిడని ఎలాగూ తీసేస్తారు. మీకు సస్పెన్షను అదనం. పిల్లలకి మంచి హెడ్మిస్ట్రెస్ పోతుంది, వంటావిడా పోతుంది. ఎవరికి లాభం?”

శ్రీదుర్గ చెప్పిందాంట్లో తప్పు వెతకడానికి ఏమీ లేదు. అదే ప్రసన్నకుమారికి కష్టంగా తోచింది. మూడు రోజులుగా ఎవరి మాట చూసినా సబబుగానే ఉంది. ఎం.ఈ.ఓ. గారిదీ సబబే, చంద్రరావుగారిదీ ఒకరకంగా సబబే. అందరి సబబులూ కలిసి ఒక ముసలిదాన్ని గేటు బయటికి తోస్తున్నాయి.

అందరూ వెళ్ళాక ఫారం ముందేసుకుంది. ‘నిజాయితీ’ని కొట్టేసింది. ఫారం వెనక్కి తిప్పి, ఖాళీగా ఉన్న వైపు రాయడం మొదలుపెట్టింది. ‘మంగళవారం వంటమనిషి గుడ్లు బాగాలేవని నాకు చూపించింది. వండమని చెప్పింది నేను. మూడు వారాలుగా నేను రుచి చూడకుండా సంతకం పెడుతున్నాను. ఆ రోజూ అంతే. ఇందులో వంటమనిషి తప్పు లేదు.’ ఐదే వాక్యాలు. మూడు రోజులనుంచీ ఊపిరాడనివ్వని విషయం ఇంత పొట్టిదా అని ఆశ్చర్యపోయింది. సంతకం పెట్టింది. ఈసారి చదివి పెట్టింది.

వెళ్ళి అచ్చాయమ్మకి చెబుదామనుకుంది. కానీ అప్పటికే ఆలస్యమైంది, చర్చిలో ప్రార్థన ఉంది, ప్రార్థనలో నలుగురి ముందూ మాట్లాడితే అదొక కథవుతుంది. రేపు ఎలాగూ అందరి ముందూ చెప్పబోతోంది కదా. అప్పుడు అచ్చాయమ్మే వింటుంది.

*

శనివారం పదిన్నరకి మీటింగు. ఎనిమిదో తరగతి గదిలో బెంచీలు గోడకి జరిపి, మధ్యన బల్ల వేశారు. ఎం.ఈ.ఓ. గారూ చంద్రరావుగారూ కుర్చీల్లో, తల్లులు బెంచీల మీద. రూబీ తల్లి కిటికీ పక్కన కూర్చుని బయటికి చూస్తోంది. అచ్చాయమ్మని కూర్చోమని ఎవరూ అనలేదు. గుమ్మం పక్కన, చెప్పులు విడిచేచోట నిలబడింది. ఉతికిన చీర కట్టుకుని, తల దువ్వుకుని, చర్చికొచ్చినట్టు వచ్చింది.

చంద్రరావుగారు గొంతు సవరించుకుంటుంటే ప్రసన్నకుమారి లేచి నిలబడింది. కాగితం తీసి ఐదు వాక్యాలూ చదివింది.

రూబీ తల్లి ఇటు తిరిగింది. తన మీద విరుచుకుపడతారని ప్రసన్నకుమారి ఎదురుచూసింది. నిజానికి అలా పడితే బాగుండునని కోరుకుంది. ఎవరైనా ఒకరు లేచి, నా బిడ్డకి అవి పెట్టించింది నువ్వా అని అడిగితే, తలొంచుకుని ఔనందామనుకుంది.

“అయ్యో మేడంగారూ,” అంది మూల బెంచీ మీద ఒక తల్లి. ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి. “ఆవిడ కడుపు కోసం మీ మీద వేసుకుంటున్నారా!”

“కాదమ్మా, నిజంగానే...”

“మొన్న నా పిల్లని ఒళ్ళో పెట్టుకుని కూచున్నారండి,” అంది రూబీ తల్లి. “పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు ఆరింటిదాకా. నేను చూశాను. ఈవిడ అలాంటి పని చేస్తారంటే నేను నమ్మను.”

చంద్రరావుగారు నవ్వుతూ తలాడించారు. “ఒకే చర్చి వాళ్ళు. ఆ మాత్రం అభిమానం ఉంటుందండి, తప్పులేదు. ఉండాలి కూడా.”

“అభిమానం కాదండి. నేను వండమన్నాను. నేనే.” ప్రసన్నకుమారి గొంతు పెరిగింది. ఎం.ఈ.ఓ. గారి వైపు తిరిగింది. “సార్, రిజిస్టరులో మూడు వారాల సంతకాలూ అబద్ధం. రాసుకోండి.”

ఉదయభాస్కర్ గారు కాగితం అందుకుని, నాలుగు మడతలు పెట్టి, మళ్ళీ ఆమె చేతిలోనే పెట్టారు. “మీ మనసు నాకర్థమైందండి. సర్వీసులో చాలామంది హెడ్మాస్టర్లని చూశాను, కింద పనిచేసే మనిషి కోసం ఇంత దూరం వచ్చినవాళ్ళని చూడలేదు. ఆ ట్రైనింగు వాళ్ళు నాయకత్వం అంటారే, అది ఇదే. కానీ ఇలాంటివి ఫైల్లో పెట్టకూడదు.”

“నేను మంచి కోసం చెప్పట్లేదు సార్. నిజం చెప్తున్నాను.”

“మంచివాళ్ళు అలాగే అంటారండి.”

ఇక మిగిలింది ఒక్కరే. ప్రసన్నకుమారి గుమ్మం వైపు చూసింది. “అచ్చాయమ్మా, నువ్వు చెప్పు. ఆ రోజు బేసిను తీసుకొచ్చి నాకు చూపించావా లేదా? ఈ పూట గుడ్డు మానేద్దామన్నావా లేదా?”

అందరి తలలూ అటు తిరిగాయి. అచ్చాయమ్మ తన కాళ్ళవైపు చూసుకుంది. తరువాత చంద్రరావుగారి వైపు ఒక్కసారి చూసింది. ప్రసన్నకుమారి వైపు చూడలేదు.

“నేనేమీ చూపించలేదండి. మేడంగారికి తెలీదు. నేనే సరిగ్గా చూసుకోలేదండి.”

తల్లులు పెద్దగా ఊపిరి వదిలారు. చంద్రరావుగారు కుర్చీలో వెనక్కి వాలారు. “చూశావా, నీకోసం మేడంగారు ఎంతకి దిగారో. దణ్ణం పెట్టు.”

అచ్చాయమ్మ దణ్ణం పెట్టింది. ప్రసన్నకుమారి కళ్ళు తిరిగి బల్ల పట్టుకుంది. ఉపవాసం కదా, నీరసం అని ఎవరో మంచినీళ్ళు తెచ్చారు. ఆమె నీళ్ళు తాగేలోపు పావని పేరు రాయడం, తల్లులు వరసగా సంతకాలు పెట్టడం అయిపోయింది. వెళ్ళేటప్పుడు ఇద్దరు తల్లులు ఆమె చేతులు పట్టుకుని కళ్ళకద్దుకున్నారు. వెనక్కి లాక్కునే శక్తి కూడా ఆమెకి లేకపోయింది.

*

అచ్చాయమ్మ వంటషెడ్డులో తన సొంత సామాను సర్దుకుంటోంది. ఒక కత్తిపీట, ఒక చిన్న జల్లెడ, పాత చీరలు చింపి కుట్టుకున్న మసిగుడ్డలు. అన్నిటినీ ఒక సంచిలో పెట్టుకుంటోంది.

“ఎందుకలా చెప్పావు?” ప్రసన్నకుమారి గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆమెకి కోపంగానూ ఏడుపుగానూ ఉంది. “నేనన్నీ చెప్పేశాను కదా! నువ్వు ఔనంటే చాలు కదా!”

అచ్చాయమ్మ కత్తిపీట మడిచింది. “పొద్దున ఆరింటికి మా ఇంటికొచ్చారండి చంద్రరావుగారు. తప్పు నీదని ఒప్పుకుంటే మాన్పించి ఊరుకుంటాం, మేడంగారి మీద చెప్పావంటే పోలీసు కేసు పెడతాం, అప్పుడు మీ కోడలి అంగన్‌వాడీ పని కూడా ఉండదన్నారు. మేడంగారేం చెప్తారో నీకు తెలుసా అనడిగారు. నాకు తెలీదు కదండి. సరే, ఒప్పుకుంటానన్నాను.”

“నేను నిన్న రాత్రే... కాదు, నిన్న సాయంత్రమే రాశాను. నీకు చెబుదామనే అనుకున్నాను.”

“ఆయ్.” అచ్చాయమ్మ గొంతులో కోపం లేదు. “నేను గురువారం అడిగాను కదండి. చూద్దాంలే అన్నారు. ఆ రోజు మీరు ఒక్కమాట చెప్పుంటే, పొద్దున ఆయన ముందు నేనూ ఆ మాట మీదే ఉండేదాన్ని. ఒప్పుకున్నాక మళ్ళీ ఎలా తిప్పుతానండి? ఇంట్లో చంటిపిల్ల ఉంది.”

ప్రసన్నకుమారి చేతిలో నాలుగు మడతల కాగితం చెమటకి తడిసింది. నిజం చెప్పడానికి ధైర్యం కావాలనుకుని ఆ ధైర్యం కోసమే మూడు రోజులు వెతుక్కుంది. దొరికాక సంతోషించింది కూడా. ఈ ముసలిదానికి కూడా అంతే ధైర్యం కావాలనీ, దానికి తన మాట ఒకటి ముందుగా ఆసరా ఉండాలనీ తోచనే లేదు. ఇప్పుడు ఊరంతా ఆమెని మెచ్చుకుంటుంది. ఆ మెప్పు కాదనడానికి సాక్ష్యం చెప్పగల ఒకే ఒక్క మనిషి సంచి మూతి ముడి వేస్తోంది.

“నన్ను క్షమించు అచ్చాయమ్మా.”

“ఊరుకోండి, అదేం మాటండి.” అచ్చాయమ్మ సంచి భుజానికి తగిలించుకుంది. గుమ్మం దాకా వచ్చి ఆగింది. “ఆ రూబీ వస్తే ఒక వారం కారం పెట్టొద్దని పావనికి చెప్పండి. కడుపింకా కుదుటపడలేదంట. మజ్జిగన్నం కలిపిస్తే తింటుంది.”

“చెప్తాను.”

“మర్చిపోకండి,” అంది అచ్చాయమ్మ. ఎండలో గ్రౌండు దాటి, చంద్రరావుగారు చేయించిన గేటు తీసుకుని, మళ్ళీ జాగ్రత్తగా గడియ వేసి వెళ్ళిపోయింది.